మీకు తెలుసా? 214 కోట్లు దాటిన ఈ ప్రధాన సంఖ్య గురించి!

• 2,14,74,83,647ను 1, అదే సంఖ్య తప్ప మరేదీ నిశ్శేషంగా భాగించలేదు. 31 రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చే ఈ సంఖ్య, ఇలాంటి రూపంలో ఉండే మెర్సెన్ ప్రధాన సంఖ్యల్లో ఎనిమిదోది.

• ఇది ప్రధాన సంఖ్యేనని 1772లో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు. దీనికి ప్రధాన కారణాంకం ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 రావాలని గుర్తించి, 46,340 లోపు అలాంటి వాటినే పరీక్షించాడు.

• దీన్ని 30 రెండ్ల లబ్ధంతో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుంది. అంటే, తనను మినహాయించి మిగతా కారణాంకాల మొత్తం తనకే సమానం.

• ద్విసంఖ్యామానంలో దీని రూపం వరుసగా 31 ఒకట్లు. గుర్తుతో కూడిన 32 బిట్ల పూర్ణాంకానికి ఇదే గరిష్ఠ హద్దు.

• 1970 నుంచి గడిచిన సెకన్లను ఇలాంటి 32 బిట్ల పూర్ణాంకంతో లెక్కించే పాత కంప్యూటర్లు 2038 జనవరి 19న, మన కాలమానంలో ఉదయం 8:44:07కు ఈ హద్దును తాకుతాయి. మరుక్షణం వాటి తేదీ 1901కి వెళ్లిపోవచ్చు!