అరువు సామానూ, అప్పగింత చీటీ

ఈ రోజులలో మన సంఘం కుటుంబాలలో కంప్యూటరు పనిచేసే బిడ్డ లేని యిల్లు అరుదు. బెంగుళూరులో ఒకరుంటే పూనాలో ఒకరుంటారు. "మీ అమ్మాయి ఏ ఉద్యోగం చేస్తున్నదండీ?" అని ఎవరైనా అడిగితే "సాఫ్టువేరు" అని ఒక్క మాటతో సరిపెడతాము. ఆ పని ఎటువంటిదో, అందులో దేనివల్ల అర్ధరాత్రి ఫోను మోగుతుందో మనకు తెలియదు. తెలుసుకోవడం మన చదువుకు మించినదని ఊరుకుంటాము.

నేను మెట్రిక్యులేషను వరకు చదివి, పాతికేండ్లుగా గుమాస్తా పని చేసుకుంటున్నవాడిని. మా అన్నగారి అబ్బాయి వెబ్ పేజీలు తయారుచేసే పనిలో ఉన్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా అతనిని అడిగి తెలుసుకున్నదీ, తరువాత చదివి సరిచూసుకున్నదీ ఇక్కడ వ్రాస్తున్నాను. గుమాస్తాకు అర్థమైనది గృహిణికీ, విద్యార్థికీ అర్థం కాకపోదని నా నమ్మకం.

జావాస్క్రిప్ట్ అంటే

ఫోనులో మనం చూసే వెబ్ పేజీని ఒక ఇల్లనుకోండి. గోడలూ గదులూ కట్టేది హెచ్‌టీఎంఎల్. సున్నం, రంగులు వేసేది సీఎస్ఎస్. ఇంటికి కరెంటు పెట్టేది జావాస్క్రిప్ట్. మీట నొక్కితే దీపం వెలిగినట్లు, బటను నొక్కితే పేజీలో ఏదైనా జరిగిందంటే చాలావరకు అది జావాస్క్రిప్ట్ పనియే. రైలు టిక్కెట్టుకు తేదీ ఎంచుకోవడం, ఫారంలో ఫోను నంబరు ఒక అంకె తక్కువైతే ఎర్రగా హెచ్చరించడం వంటివన్నీ దీనివల్లనే.

ఈ భాషను 1995 మే నెలలో అమెరికాలోని నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఆయన పది రోజులలో తయారుచేశాడు. మొదట మోచా అన్నారు, తరువాత లైవ్‌స్క్రిప్ట్ అన్నారు, ఆ సంవత్సరం డిసెంబరులో జావాస్క్రిప్ట్ అని స్థిరపరచారు. జావా అనే మరొక భాష ఉన్నది. పేరు కలిసినంత మాత్రాన రెండింటికీ చుట్టరికం లేదు. 1997లో ఎక్మా అనే ప్రమాణాల సంస్థ దీనికి ఒక నిర్ణీత రూపం ఏర్పరచినది.

ఉమ్మడి పాత్రల గది

లైబ్రరీ అనగానే మనకు గ్రంథాలయం గుర్తుకు వస్తుంది. ప్రోగ్రామర్లు చెప్పే లైబ్రరీ వేరు. మన సంఘాలలో కొన్నింటికి పాత్రల గది ఉంటుంది. పెండ్లి వచ్చినదంటే ప్రతి ఇల్లూ గంగాళాలు, అండాలు, గుండిగలు కొనుక్కోదు. ఒకరు చేయించినవి అందరూ వాడుకుంటారు. పని అయిన తరువాత తోమి అప్పగిస్తారు. ప్రోగ్రామర్ల లైబ్రరీ ఇటువంటిదే. ఒకరు వ్రాసిపెట్టిన ప్రోగ్రాము ముక్కను వేలమంది తెచ్చుకుని తమ పనిలో పెట్టుకుంటారు. తోమి ఇవ్వనక్కర లేదు. ఎందరు పట్టుకుపోయినా తరగదు.

ఇట్టి గదులలో మొదట గొప్ప పేరు వచ్చినది జేక్వెరీకి. 2006లో జాన్ రెసిగ్ దీనిని విడుదల చేశాడు. ఆ రోజులలో ఒకే పని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో ఒకలాగ, ఫైర్‌ఫాక్సులో మరొకలాగ చెప్పవలసివచ్చేది. ఒక్కొక్క ఆఫీసరుకు ఒక్కొక్క తీరున అర్జీ వ్రాసే కష్టం మా వంటివారికి తెలుసును. జేక్వెరీ ఆ కష్టం తీర్చినది. నీవు ఒక్క తీరున చెప్పు, ఎవరికి ఎలా చెప్పాలో నేను చూసుకుంటాను అన్నట్లు పనిచేసినది. తరువాత బ్రౌజర్లే ఒక మాటమీదకు వచ్చినవి. 2013లో ఫేస్‌బుక్ వారి రియాక్ట్, 2014లో వ్యూ అనేవి వచ్చి, పెద్ద పేజీలను ముక్కలుగా కట్టే విధానాన్ని వ్యాపింపజేసినవి.

2009లో ర్యాన్ డాల్ నోడ్ అనేదానిని తయారుచేయగా జావాస్క్రిప్ట్ బ్రౌజరు దాటి కంపెనీల సర్వర్లలోనికి కూడా ప్రవేశించినది. దానికి తోడుగా 2010లో ఎన్‌పీఎం అనే పెద్ద సామాన్ల కొట్టు వెలిసినది. ఈ రోజున అందులో 20 లక్షలకు పైగా ప్యాకేజీలు ఉన్నవి. ఒక్క ఆజ్ఞ టైపు చేస్తే కావలసిన ప్యాకేజీ వచ్చి చేరుతుంది. అది ఒంటరిగా రాదు. దానికి కావలసినవీ, వాటికి కావలసినవీ వెంట వస్తవి. ఒక్కరిని భోజనానికి పిలిస్తే వీధి అంతా బంతికి కూర్చున్నట్లు, పది ప్యాకేజీలు అడిగినవాడి కంప్యూటరులో వందలు దిగడం సాధారణము.

పదకొండు పంక్తుల కథ

ఆ కొట్టులో లెఫ్ట్‌ప్యాడ్ అని ఒక చిన్న ప్యాకేజీ ఉండేది. పదకొండు పంక్తులు మాత్రమే. ఆఫీసులో రసీదు నంబరు 47 అయితే 00047 అని వ్రాస్తాము కదా. అలా ఎడమప్రక్క సున్నలో ఖాళీలో నింపి పొడవు సమానం చేయడమే దాని పని. వ్రాసినవాడు అజెర్ కోచులు అనే ప్రోగ్రామరు.

ఈయనదే కిక్ అనే పేరుతో మరొక ప్యాకేజీ ఉండేది. అదే పేరుగల మెసేజి కంపెనీ ఒకటి ఆ పేరు తమకు కావాలని కోరినది. ఆయన ఒప్పుకోలేదు. చివరకు ఎన్‌పీఎం వారు ఆ పేరును కంపెనీకి ఇప్పించారు. ఆయనకు కోపం వచ్చినది. 2016 మార్చి 22న తాను వ్రాసిన ప్యాకేజీలన్నీ, 250కి పైగా, కొట్టులోనుంచి తీసివేశాడు. వాటిలో లెఫ్ట్‌ప్యాడ్ ఒకటి.

ఆ క్షణం నుంచి ప్రపంచమంతటా ప్రోగ్రాములు కట్టుకునే పని ఆగిపోనారంభించినది. లెఫ్ట్‌ప్యాడ్ పేరు కూడా వినని వారికి "లెఫ్ట్‌ప్యాడ్ దొరకలేదు" అని కంప్యూటరు చెప్పినది. వాళ్లు తెచ్చుకున్నది బేబెల్ వంటి పేరుమోసిన పనిముట్లు. వాటి లోపల వేరొకటి, దానిలోపల మరొకటి, అట్టడుగున ఈ పదకొండు పంక్తులు. దాదాపు రెండు గంటల తరువాత ఎన్‌పీఎం వారు ఆ ప్యాకేజీని తిరిగి పెట్టవలసివచ్చినది. ఇతరులు ఆధారపడిన ప్యాకేజీని ఇష్టం వచ్చినప్పుడు తీసివేయడానికి వీలులేకుండా తరువాత నియమాలు మార్చారు.

ఈ కథ విని కొందరు ఆ ప్రోగ్రామరును తిట్టారు, కొందరు కంపెనీని తిట్టారు. నాకు తోచినది వేరు. తన సామాను తాను తీసుకుపోయినవాడిని అనుకుని ఏమి లాభము? అరువు సామాను మీద పెండ్లి చేస్తూ, ఏ పాత్ర ఎవరిదో చీటీ వ్రాసుకోని వారి సంగతి చూడవలెను.

తాళంచెవి చేతులు మారితే

లెఫ్ట్‌ప్యాడ్ వల్ల పని ఆగినది గాని సొమ్ము పోలేదు. 2018లో జరిగినది అంతకంటె గంభీరమైనది. ఈవెంట్‌స్ట్రీమ్ అనే ప్యాకేజీని వ్రాసినాయన చాలాకాలంగా దానిని తాను వాడడం లేదు. దానివల్ల ఆయనకు రాబడీ లేదు. ఎవరో వచ్చి "నేను చూసుకుంటాను" అంటే సంతోషించి హక్కు అప్పగించాడు. ఆ వచ్చినవాడు దానికి మరొక ప్యాకేజీ తగిలించి, అందులో దొంగ ప్రోగ్రాము దాచాడు. కోపే అనే బిట్‌కాయిన్ పర్సు వాడేవారి సొమ్ము కాజేయడం దాని ఉద్దేశము. నవంబరులో బయటపడేదాకా లక్షల కంప్యూటర్లలోనికి అది దిగుతూనే ఉన్నది.

2025 సెప్టెంబరులో మరొకటి. చాక్, డీబగ్ అనే బహు ప్రచారమున్న ప్యాకేజీలను చూసుకునే ఆయనకు ఎన్‌పీఎం వారు పంపినట్లే నకిలీ ఉత్తరం వచ్చినది. దానిద్వారా ఆయన ఖాతా దొంగల చేతికి చిక్కినది. కొద్ది గంటలలోనే పసిగట్టి సరిచేశారు గనుక సరిపోయినది.

రెండు చోట్లా పాత్ర మంచిదే, చేయించినవాడు మంచివాడే. తాళంచెవి చేతులు మారినది.

మన అక్షరాల లెక్క

లెఫ్ట్‌ప్యాడ్ చేసే పనిని 2017లో జావాస్క్రిప్ట్ భాషలోనే చేర్చారు. పాడ్‌స్టార్ట్ అని దాని పేరు. ఇంక అరువు అక్కరలేదు. అయితే తెలుగువారికి ఇక్కడ ఒక చిక్కున్నది.

జావాస్క్రిప్ట్ పొడవు లెక్కపెట్టేది మనం చదివే అక్షరాలను కాదు, యూనికోడ్ సంకేతాలను. "రమ" రెండక్షరాలు, సంకేతాలూ రెండే. "లక్ష్మి" కూడా మన కంటికి రెండక్షరాలే. కాని కంప్యూటరుకు ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం ఏడు. రమకూ లక్ష్మికీ సమానంగా ఖాళీలు నింపమంటే జాబితా వంకర పోతుంది. "లక్ష్మీనరసింహస్వామి" అనే పేరు ఎనిమిది అక్షరాలు. సంకేతాలు పందొమ్మిది. పేరుకు పదిహేను చాలునని ఎవరో ఇంగ్లీషు పేర్లను చూసి నియమం పెట్టి, మిగిలినది కత్తిరించే ప్రోగ్రాము వ్రాస్తే ఆ పెద్దాయన రసీదులో "లక్ష్మీనరసింహస్" అయిపోతాడు.

దీనిని నవ్వి ఊరుకోవడానికి వీలులేదు. ఒక కాగితంలోని పేరు మరొక కాగితంలోని పేరుతో కలవకపోతే మనిషి ఎన్నిసార్లు తిరగవలసివస్తుందో కౌంటరు ఇవతల కూర్చున్న నాకు తెలుసును. పరరాష్ట్రాలలో ఉన్న మనవారి పేర్లు మూడు లిపులలో మూడు తీరులుగా పడి ముందే చిక్కులున్నవి. వాటికి తోడు యంత్రం కూడా పేరు తెంచితే ఎవరికి చెప్పుకుంటారు?

దీనికి మందు ఉన్నది. ఇంటల్ సెగ్మెంటర్ అనే సాధనం అక్షరాలను మనం చదివేటట్లు విడదీస్తుంది. 2024 నాటికి ప్రధానమైన బ్రౌజర్లన్నిటిలోనూ చేరినది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాలలో తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకటిగా చూడాలన్న సూత్రం చేర్చారు. ఆ నియమం ఎక్కిన బ్రౌజర్లలో స్వామిగారి పేరు ఎనిమిదిగానే వస్తుంది. అంతకు ముందు బ్రౌజర్లు ఒత్తులను విడగొట్టి పదకొండు అంటవి. కాబట్టి రెండు తీరులలోనూ పరీక్షించవలెను. లైబ్రరీ ఎంత ప్రసిద్ధమైనా, దానిని వ్రాసినవారు తెలుగు పేరుతో పరీక్షించి ఉంటారని అనుకోరాదు. ఆ పని మన పిల్లలు కాక మరెవరు చేస్తారు?

తెచ్చుకునే ముందు, తెచ్చుకున్న తరువాత

ఈ వృత్తిలోని వారు పాటించే పద్ధతులలో ముఖ్యమైనవి ఇవి.

మొదటిది, ఇంట్లో ఉన్నదానిని పొరుగింట అడగరాదు. పెద్ద అంకెలను మన లెక్కన లక్షలు, కోట్లుగా కామాలు పెట్టి చూపడం జావాస్క్రిప్టుకే వచ్చును. తేదీల కోసం ఎంతో కాలం మోమెంట్ అనే లైబ్రరీని వాడేవారు. 2020లో దానిని నడిపేవారే, కొత్త పనులకు దీనిని తీసుకోవద్దని ప్రకటించారు. తమ సరుకు పాతబడినదని తామే చెప్పిన నిజాయితీ మెచ్చదగినది.

రెండవది, తూకం చూడవలెను. తెచ్చుకున్న ప్రతి లైబ్రరీ చదివేవారి ఫోనుకు దిగవలసినదే. దిగిన తరువాత ఫోను దానిని చదివి, అర్థం చేసుకుని, నడపవలెను. వెయ్యి ఎకరాల ఆసామికి మూట బరువు తెలియకపోవచ్చును. చవక ఫోనులో పింఛను వివరాలు చూసుకునే ముసలమ్మకు తెలుస్తుంది. వాడని భాగాలను రాల్చివేసే పనిముట్లు ఉన్నవి. ఆ పనికి చెట్టు దులపడం అని వారు పెట్టుకున్న పేరు సొంపుగా ఉన్నది. ఎండుటాకులు రాలి, పచ్చనివి నిలుస్తవి.

మూడవది, చీటీ వ్రాయవలెను. ఎన్‌పీఎం 2017 నుంచి తాళం ఫైలు అనేదానిని తానే తయారుచేస్తున్నది. ఏ ప్యాకేజీ, ఏ కూర్పు, దాని ముద్ర ఏమిటి అన్నది అందులో నమోదవుతుంది. దాని ప్రకారమే తెచ్చుకుంటే, రాత్రికి రాత్రి వచ్చిన కొత్త కూర్పు తెలియకుండా లోపలికి జొరబడదు. మా ఆఫీసు స్టాకు రిజిస్టరు చేసేదీ ఈ పనియే. 2018 నుంచి ఆడిట్ అనే ఆజ్ఞ కూడా ఉన్నది. తెలిసిన లోపాలున్న సామాను ఏదో అది చెబుతుంది. ముఖ్యమైన వాటికి తమవద్ద ఒక ప్రతి ఉంచుకునే కంపెనీలూ ఉన్నవి.

నాలుగవది, ఇచ్చినవారిని తలుచుకోవలెను. ఈ ప్యాకేజీలలో ఎన్నో ఎవరో తీరిక వేళలలో జీతం లేకుండా వ్రాసినవి. కోట్ల వ్యాపారాలు వాటిమీద నిలిచి ఉన్నవి. వ్రాసినవాడు అలసి తాళంచెవి ఎవరికో ఇచ్చేదాకా అతనిని పలకరించేవారు లేరు. లోపం కనబడితే మర్యాదగా తెలుపవచ్చును, చేతనైతే సరిచేసి పంపవచ్చును, కంపెనీవారు ధనసహాయం చేయవచ్చును.

వచ్చే సెలవులకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు జీతమెంత అని కాక, "నీవు తెచ్చుకున్న సామాను ఎవరిదమ్మా? చీటీ ఉన్నదా? మన తాతగారి పేరు అందులో పూర్తిగా పడుతుందా?" అని అడిగి చూడండి. ఈ మూడు ప్రశ్నలు వాళ్లు నవ్వి తోసివేయగలవి కావు. సమాధానం చెబుతూ వాళ్లూ ఒకసారి రిజిస్టరు తిరగవేస్తారు.