నర్సీపట్నం - చింతపల్లి: ఒక రోడ్డు లెక్క

చలికాలం వస్తే చాలు, లంబసింగి ట్రిప్ ప్లాన్ చెయ్యని బ్యాచ్ ఉండదు. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే లంబసింగి, ఇంకా ముందుకెళ్తే చింతపల్లి. మనకది మంచు చూడ్డానికి వెళ్లే దారి. వెనుకబడిన ప్రాంతంలో ప్రభుత్వం డబ్బు పెడితే ఏమవుతుందో అర్థం చేసుకోవడానికి మాత్రం ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1920ల మొదట్లో ఈ దారిలో రోడ్డు వేయించింది బ్రిటిష్ ప్రభుత్వం. అదీ పబ్లిక్ ఇన్వెస్ట్‌మెంటే. రాళ్లు కొట్టింది మన్యం గిరిజనులు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వాళ్లని బలవంతంగా పనికి తెచ్చి, కూలి సరిగ్గా ఇవ్వలేదు. మరోవైపు 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు వ్యవసాయం మీద ఆంక్షలు. అంటే రోడ్డేమో వస్తోంది, దాని మీద తీసుకెళ్లి అమ్ముకోవడానికి చేతిలో ఏమీ మిగలట్లేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసింది. ఆ తిరుగుబాటుకి కారణాలు చాలా ఉన్నాయి, అందులో ఈ రోడ్డు కూలి గొడవ చిన్నదేం కాదు.

ఇప్పుడు కొంచెం లెక్క. ఒక కూలీకి 100 రూపాయలు వచ్చాయి అనుకుందాం. అందులో 80 ఊరి సంతలోనే ఖర్చుపెడితే, ఆ 80 తీసుకున్నవాళ్లు 64 అక్కడే ఖర్చుపెడితే... ఇలా పోతే మొత్తం 500 రూపాయల వ్యాపారం నడుస్తుంది. ఇంటర్‌లో చదివిన జీపీయే. కానీ ప్రతిసారీ 20 మాత్రమే ఊళ్లో ఆగి, మిగతాది సబ్బులకీ రీఛార్జికీ కొండ దిగిపోతే? మొత్తం 125. ఇక జేసీబీ, సిమెంటు, కాంట్రాక్టరు అన్నీ బయటివే అయితే మొదటి 100 కూడా ఊరికి రాదు. బడ్జెట్‌లో మాత్రం ఖర్చు ఒకేలా కనిపిస్తుంది!

రోడ్డు పూర్తయ్యాక లారీ కిరాయి తగ్గుతుంది. ఆ మిగులు ఎవరి జేబులోకి? కొనేవాడు ఒక్కడే ఉంటే వాడి జేబులోకే. అందుకే ఇక్కడ కాఫీ కథ చూడాలి. చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు పాడేరు ఐటీడీఏ గిరిజన రైతులతో కాఫీ వేయించింది. మొక్క నాటాక కాపుకి మూడు నాలుగేళ్లు ఆగాలి, అప్పటిదాకా ఇల్లు గడవాలి కదా. ఉపాధి హామీ పథకం కింద తోట పనికి కూలి ఇవ్వడం అక్కడ పనికొచ్చింది. పంట వచ్చాక 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ ముందే రేటు చెప్పి కొంటుంది కాబట్టి, ప్రైవేటు వ్యాపారి మరీ తక్కువకి అడగలేడు. 2019లో అరకు కాఫీకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. రోడ్డుతో పాటు ఇవన్నీ లేకపోతే ఆ దారిలో పైకి మన కార్లు, కిందికి చవగ్గా సరుకు, అంతే.

అలాగని అంతా బాగుందని కాదు. గింజ వేయించి, ప్యాకెట్ చేసి, కప్పులో పోసి అమ్మే దగ్గరే అసలు లాభం, అందులో ఎక్కువ భాగం పట్నాల్లోనే మిగులుతుంది. మెయిన్ రోడ్డుకి దూరంగా ఉన్న గూడేల నుంచి బస్తాలు ఇప్పటికీ గుర్రాల మీద దిగుతాయి, నొప్పులొచ్చిన ఆడవాళ్లు డోలీలో దిగుతారు. ఆ చివరి నాలుగు కిలోమీటర్ల ఖర్చు ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ ఉండదు. మోసేవాళ్ల భుజాల మీదే ఉంటుంది.