చలి కొండల్లో ట్రయథ్లాన్: నీళ్లలోంచి బయటికొచ్చాకే అసలు పరీక్ష

ఈరోజు నార్వేలో జరిగే నార్స్‌మన్ ట్రయథ్లాన్ గురించి మాట్లాడుకుందాం. 2003లో మొదలైన పోటీ ఇది. తెల్లవారుజామున ఫెర్రీ మీద నుంచి ఫ్యోర్డ్‌లోకి, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రంలోకి దూకాలి. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు. ముందున్న 160 మందికే గౌస్టాటోపెన్ కొండ మీద ముగింపు, నల్ల టీషర్ట్. మిగతావాళ్లకి తెల్లది.

అందుకే అందరికీ తొందర. చిక్కంతా ఆ తొందరతోనే.

చల్లటి నీళ్లలో శరీరం ఏం చేస్తుందంటే, కాళ్లూ చేతులకి రక్తం తగ్గించి గుండె చుట్టూ వేడిని కాపాడుకుంటుంది. బయటికొచ్చాక కూడా లోపలి వేడి కాసేపు తగ్గుతూనే ఉంటుంది. దీన్ని ఆఫ్టర్‌డ్రాప్ అంటారు. సరిగ్గా అప్పుడే తడి బట్టలతో సైకిలెక్కితే, గాలి ఉన్న వేడిని కూడా లాగేస్తుంది. వేళ్లు మొద్దుబారి బ్రేక్ పట్టు చిక్కదు.

కాబట్టి ఒళ్లు తుడుచుకుని, పొడి బట్టలు, గ్లవ్స్, జాకెట్ వేసుకోండి. రెండు మూడు నిమిషాలు పోతే పోనివ్వండి. దిగుడుకి ముందు ఇంకో పొర వేసుకోండి, ఎందుకంటే దిగేటప్పుడు తొక్కేది తక్కువ, గాలి ఎక్కువ.

ఇక్కడ మీ సపోర్ట్ మనిషే కారులో తిండి, బట్టలు తెస్తారు. మాట తడబడుతోందా, ఆగకుండా వణుకుతున్నారా అని ఆయనే గమనించాలి. మీరేమో "బాగానే ఉన్నా" అంటారు. ఆ మాట నమ్మొద్దని ఆయనకి ముందే చెప్పి ఉంచండి.