వీసీకి కాపలాదారు

1970 జూన్ 30న అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఏటీ అండ్ టీ సంస్థ పిక్చర్‌ఫోన్ సేవను ప్రారంభించింది. నెలకు 160 డాలర్లు కడితే అరగంట సేపు ముఖం చూస్తూ మాట్లాడుకోవచ్చు. కెమెరా, తెర బాగానే పనిచేశాయి. అయితే పిక్చర్‌ఫోన్ పెట్టించుకున్నవాడు దాన్ని వాడుకోవాలంటే ఎదుటివాడూ ఒకటి పెట్టించుకుని ఉండాలి! కొన్నేళ్లకే ఆ సేవ మూలపడింది.

వీడియో కాన్ఫరెన్స్ (వీసీ) కథ చెప్పేవాళ్లు సాధారణంగా కెమెరా గురించే చెబుతారు. అసలు కష్టమంతా మధ్యలో ఉంది. ఇద్దరిని కలపడానికి తీగ చాలు. పదిమందిని కలపాలంటే నడుమ ఇంకో యంత్రం కావాలి. దాని పేరు ఎంసీయూ. వాడేవాళ్లు బ్రిడ్జి అనేవారు. అది అందరి బొమ్మలూ విప్పి, గళ్లుగళ్లుగా ఒకే తెరపై పేర్చి, మళ్లీ కుదించి ఎవరిది వాళ్లకు పంపేది. ఒక్కొక్కరికి ఒక్కో పోర్టు. ఎనిమిది పోర్టుల పెట్టెలో తొమ్మిదో ఊరికి చోటు లేదు. అంచేత పోర్టులను ముందే బుక్ చేసే సాఫ్ట్‌వేర్ పుట్టింది.

1996లో హెచ్.323 ప్రమాణం వచ్చి వీడియో ఇంటర్నెట్ తరహా నెట్‌వర్క్‌ల మీదికి మారాక గేట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్‌కు పని పడింది. గదిలోని పరికరం ముందు దాని దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. కాల్ చేసే ముందు అనుమతి అడగాలి. ఎందుకంత తతంగం? ఒక ఆఫీసుకు 2 మెగాబిట్ల లైను ఉందనుకోండి. 384 కిలోబిట్ల కాల్ ఒకటి, ప్యాకెట్ల అదనపు బరువుతో కలిపి, సుమారు 460 లాగుతుంది. నాలుగు కాల్స్‌కు ఇబ్బంది లేదు. ఐదోదాన్ని రానిస్తే ఆ ఒక్కటే కాదు, మిగతా నాలుగూ ముక్కలవుతాయి. కాబట్టి ఐదోవాడికి గేట్‌కీపర్ కాదని చెప్పాలి. ఎవరికి ఎంత వేగం ఇవ్వాలన్నది అడ్మిన్ ముందే రాసిపెడతాడు.

మన దగ్గర చూస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990ల చివర్లో సచివాలయాన్ని జిల్లా కేంద్రాలతో కలిపే ఏపీస్వాన్ నెట్‌వర్క్ వచ్చింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కలెక్టర్లతో తెర మీదే సమీక్షలు జరిపేవారు. ‘రేపు వీసీ ఉంది’ అన్న మాట కలెక్టరేట్లలో అప్పటి నుంచే బాగా వినిపిస్తోంది. ఇక కోర్టుల సంగతికొస్తే, 2003లో సుప్రీంకోర్టు ప్రఫుల్ దేశాయ్ కేసులో, సాక్షిని వీడియో ద్వారా విచారించడం చెల్లుతుందని తేల్చింది.

ఆ తర్వాత బ్రిడ్జి పని తేలికైంది. ఎస్ఎఫ్‌యూ అనే కొత్తరకం సర్వర్ బొమ్మలను విప్పదు, పేర్చదు. వచ్చినవాటిలో ఎవరికి ఏది సరిపోతుందో ఎంచి పంపుతుందంతే. పేర్చే పని ఎవరి కంప్యూటర్ అది చేసుకుంటుంది. అలా చేయబట్టే 2020లో లోకమంతా ఒకేసారి మీదపడినా వ్యవస్థ నిలబడింది. రోజుకు 30 కోట్ల మంది వాడుతున్నారని జూమ్ ఆ ఏప్రిల్‌లో ప్రకటించి, మనుషులు కాదు, మీటింగుల్లో హాజరీలని తర్వాత సవరించుకుంది. ఒకే మనిషి ఐదు మీటింగుల్లో కూర్చుంటే ఐదుగా లెక్క!

ఆ రద్దీలోనే పిలవని అతిథులు లింకులు పట్టుకుని తరగతుల్లోకీ సభల్లోకీ దూరారు. ఏప్రిల్ 5 నుంచి జూమ్ పాస్‌వర్డ్‌ను, వెయిటింగ్ రూమ్‌ను తనంతట తానే ఆన్ చేసి పెట్టింది. గేట్‌కీపర్ అడిగింది లైనులో చోటుందా అని. వెయిటింగ్ రూమ్ అడిగేది నువ్వెవరని.

అక్టోబరులో జూమ్ ఇంకో మెట్టు ఎక్కి, సర్వర్ కూడా చదవలేని ఎన్‌క్రిప్షన్ ఇచ్చింది. దాన్ని ఆన్ చేస్తే అప్పట్లో మామూలు ఫోన్ నుంచి చేరడం, క్లౌడ్‌లో రికార్డింగ్, 200 మందికి మించిన సభ కుదిరేవి కావు. గోప్యత కావాలా, రికార్డు కావాలా అన్నది సెట్టింగుల పేజీలో అడ్మిన్ తేల్చాల్సి వచ్చింది.