వెలుగు వచ్చిన ఊరికి పని వచ్చునా?

ఐర్లాండు దేశమున డబ్లిన్ నగరమునకు నైరృతి దిక్కున క్లాండాల్కిన్ అను ఊరు కలదు. అచ్చటి ప్రాచీనమైన గుండ్రని గోపురము నేటికిని నిలిచియున్నది. ఒకప్పుడు పెక్కుమందికి కూలినిచ్చిన కాగితపు మిల్లు మాత్రము 1980వ దశకమున మూతబడెను. ఇప్పుడు ఊరి చెంత గ్రేంజ్ కాజిల్ అనుచోట, లోకమందలి సమాచారమును యంత్రములలో భద్రపరచు పెద్ద భవనములు వెలసినవి. 2023వ సంవత్సరమున ఐర్లాండులోని అట్టి భవనములన్నియు కలిసి దేశపు విద్యుచ్ఛక్తిలో నూటికి 21 వంతులు వాడెను. పల్లెల ఇండ్లన్నియు వాడినది 10 వంతులే. అయినను వాటిని నడుపుటకు కొద్దిమంది పనివారు చాలుదురు. కావున ఎంత శక్తి ఖర్చయ్యెనో చూచి, ఎంత పని కలిగెనో చెప్పజాలము.

మరి పల్లెకు దీపము వచ్చినయెడల పని వచ్చునా? ఆ డబ్లిన్ జిల్లాలోనే 1946 నవంబరు 5వ తేదీన కిల్సాలహన్ గ్రామమున పల్లెల కొరకైన మొదటి స్తంభము నాటబడెను. 1947 జనవరిలో ఓల్డ్‌టౌన్ గ్రామమున దీపములు వెలిగెను. అటుపిమ్మట తీగెలు దేశమంతట వ్యాపించుచుండగనే, 1951 మొదలు 1961 వరకు సుమారు 4,00,000 మంది ఆ దేశము విడిచి వెళ్లిరి. దీపము వచ్చుటచేతనే వారు వెళ్లిరనవచ్చునా? అనరాదు. దీపము రాకున్నచో ఇంకను ఎక్కువమంది వెళ్లియుందురేమో! ముందు లెక్కయు వెనుక లెక్కయు మాత్రమే చూచువాడు మోసపోవును.

ఈ చిక్కును విప్పుటకు టారిన్ డింకెల్మన్ అను అర్థశాస్త్రవేత్త యొక చక్కని ఉపాయము కనిపెట్టెను. ఆమె పరిశోధించినది దక్షిణాఫ్రికాలోని నేటాలు సీమ. 1860 మొదలు మన తెలుగువారును చెరకు తోటల కూలికై ఓడలెక్కి వెళ్లిన సీమ యదియే. అచ్చటి ఆఫ్రికా జాతులవారి గ్రామములలో, నేల ఏటవాలుగా నున్నచోట తీగెలు లాగుటకు ఖర్చు హెచ్చు. గనుక చదునైన పల్లెలకు వెలుగు ముందుగా వచ్చెను. ఆమె ఈ భేదమునే కొలతకఱ్ఱగా గైకొనెను. 2011లో ప్రకటింపబడిన ఆ లెక్క ప్రకారము, వెలుగు వచ్చిన అయిదేండ్లలో నూరుగురు స్త్రీలలో పని గలవారు సుమారు తొమ్మిదిమంది అధికమైరి. వంటచెరకు ఏరుటకును పొయ్యి ఊదుటకును పట్టు కాలము మిగిలినందుననే ఇట్లు జరిగెనని ఆమె తలంచెను. అయితే పురుషుల సంపాదన పెరుగగా, స్త్రీల కూలి రేటు తగ్గినట్లు కనబడెను. పనికి వచ్చువారు హెచ్చినను, పని ఇచ్చువారు హెచ్చకున్నచో కూలి తగ్గుట వింత కాదు.

భారతదేశమున 2005లో రాజీవ్ గాంధీ పేరిట పల్లెల విద్యుదీకరణ పథకము ఆరంభమయ్యెను. మొదటి విడతలో 300 మందికి మించిన వాడలకే తీగెలు చేరవలెనని నియమము. ఆ హద్దుకు కొంచెము పైనను, కొంచెము క్రిందను ఉన్న పల్లెలను పోల్చి చూడగా, జీవనోపాధిలో కలిగిన మార్పు అత్యల్పమని తేలెను.

కాబట్టి చదువరులారా, దీపము కాలమును మిగుల్చును. ఆ కాలమునకు కూలి దొరకుట వేరొక సంగతి. లైనులలో వెలుగు వలని లాభమును ఎవరైనను లెక్కించునప్పుడు, ఎన్ని స్తంభములు నాటిరని మాత్రమే వ్రాసికొనిన చాలదు. తల్లులకు ఎన్ని గంటలు మిగిలెను, ఆ గంటలకు కూలి దొరకెనా, ఇంకను చీకటిలోనున్న ప్రక్క లైనులలో ఆ కాలముననే ఏమి జరిగెను అని విచారింపవలెను. స్త్రీల లెక్కను పురుషుల లెక్కలో కలిపివేయక వేరుగా వ్రాయవలెను.