వార్తల్లో పదం: మార్టెరా

నౌకారవాణా, సాగర సాంకేతికతలపై పరిశోధనకు పలు దేశాలు కలిసి నిధులిచ్చేందుకు 2016లో మొదలైన వేదిక మార్టెరా. యూరోపియన్ యూనియన్ (ఈయూ) ‘హొరైజన్ 2020’ కార్యక్రమం కింద ఏర్పడింది. జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రం సమన్వయ బాధ్యత తీసుకుంది. ఐరోపా బయటి నుంచి దక్షిణాఫ్రికా కూడా చేరింది.

నిధులిచ్చే తీరే ఇందులో ప్రత్యేకం. ప్రాజెక్టులను ఉమ్మడిగా ఎంపిక చేస్తారు కానీ, ఏ దేశ పరిశోధకులకు ఆ దేశ సంస్థే సొమ్ము చెల్లిస్తుంది. తొలి విడతకు ఈయూ కూడా కొంత కలిపింది. ఈ పద్ధతిలో దాని వాటా 33 శాతానికి మించేది కాదు. దరఖాస్తు చేసే బృందంలో కనీసం రెండు దేశాలవారుండాలి. ముందు సంక్షిప్త ప్రతిపాదన, అది నెగ్గితే పూర్తి ప్రతిపాదన పంపాలి.

కాలుష్యం తగ్గించే నౌకలు, కొత్త పదార్థాలు, సెన్సర్లు, తయారీ విధానాలు, భద్రత ప్రధానాంశాలు. ఉదాహరణకు, ఓడ అడుగున బార్నకిల్స్ అనే గుల్లజీవులు అతుక్కుంటే నీటి రాపిడి పెరిగి ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. వాటిని ఆపడానికి వాడిన, టీబీటీ (ట్రైబ్యూటైల్‌టిన్) అనే రసాయనం కలిపిన రంగులు ఇతర సముద్రజీవులకూ విషమయ్యాయి. ఆ రంగులను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమల్లోకొచ్చింది. విషం లేని పూత తయారవ్వాలంటే రసాయన నిపుణులు, జీవశాస్త్రవేత్తలు, ఓడలు కట్టేవారు ఒకచోట చేరాలి. ఇలాంటి నిధులు ఆ పనికే.

ప్రపంచ గ్రీన్‌హౌస్ ఉద్గారాల్లో నౌకారవాణా వాటా సుమారు 3 శాతం. 2050 నాటికి లేదా ఆ దరిదాపుల్లో దాన్ని నికర సున్నాకు తేవాలని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2023లో లక్ష్యం పెట్టుకుంది. ఓడ ఒకసారి నీళ్లలోకి దిగితే సుమారు పాతికేళ్లు తిరుగుతుంది కాబట్టి, పరిశోధన ఫలితాలు ఇప్పుడే షిప్‌యార్డులకు చేరాలి.