రాత్రి నిఘా కెమెరాలకు పరారుణ వెలుగు – కొల్లేరు పరిసరాలకు తగిన అమరిక

ఏలూరును ఆనుకొని ఉన్న వట్లూరు నుండి కొల్లేరు వైపు సాగే కొద్దీ వరి పొలాలు తగ్గి చేపల చెరువులు పెరుగుతాయి. ఇళ్లు ఊరి చివర, కాపలా పాకలు చెరువు గట్ల మీద విడివిడిగా ఉండే ఈ ప్రాంతంలో నిఘా కెమెరా ఇప్పుడు మోటారు, స్టార్టరుల వలెనే సాధారణ పరికరమైంది. పగలు గేటు దగ్గర నిలబడిన మనిషి చొక్కా మీది గళ్లను కూడా చూపే కెమెరా, రాత్రి అదే మనిషిని తెల్లని మచ్చగానో నల్లని నీడగానో చూపుతుంది. అప్పుడు యజమాని సాధారణంగా చేసే పని మరింత ఖరీదైన కెమెరా కొనడం. అయితే లోపం చాలా సందర్భాల్లో కెమెరాలో ఉండదు; వెలుగు ఎక్కడి నుండి వస్తున్నదనే దానిలో ఉంటుంది. ఈ సంగతి తెలిసిన విస్తరణ శాస్త్రవేత్త రైతుకు అనవసరపు ఖర్చు తప్పించగలడు.

ఇది ఇంటి సామాను భద్రతకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. చెరువు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ సూర్యోదయానికి ముందు గంటల్లో కనిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ వేళలో ఎవరైనా ఏరియేటరు తీగ కోసినా, మోటారు దానంతట అదే ఆగినా, తెల్లవారేసరికి చేప నీటిపైకి తేలి నోళ్లు తెరుస్తుంది. రొయ్యల చెరువులో నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది. రాత్రి రెండు గంటలకు కెమెరా ఏమి చూపుతుందనే దానిపై ఒక పంట మొత్తం ఆధారపడవచ్చు.

కెమెరా చీకటిలో చూసే విధానం

మానవ నేత్రానికి సుమారు 400 నుండి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి మాత్రమే కనిపిస్తుంది. ఎరుపు రంగు ఆవల కంటికి కనిపించని కిరణాలు ఉన్నాయని 1800వ సంవత్సరంలో విలియం హెర్షెల్ పట్టకం, ఉష్ణమాపకాల సహాయంతో గుర్తించాడు. కెమెరాలోని సిలికాన్ సెన్సారు సుమారు 1100 నానోమీటర్ల వరకు స్పందించగలదు. పగటి వేళ ఈ అదనపు కాంతి రంగులను పాడు చేయకుండా లెన్సుకు, సెన్సారుకు మధ్య ఒక వడపోత పలక అడ్డు ఉంటుంది. చీకటి పడగానే అది పక్కకు జరుగుతుంది. సాయంత్రం కెమెరా నుండి వినిపించే చిన్న 'టిక్' శబ్దం దానిదే. అప్పటి నుండి చిత్రం నలుపు తెలుపులలో వస్తుంది. కెమెరా చుట్టూ అమర్చిన చిన్న ఎల్ఈడీలు వెదజల్లే పరారుణ కాంతి ఎదుటి వస్తువుపై పడి తిరిగి రావాలి. అలా తిరిగి వచ్చినదే చిత్రం.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉంది. ఈ కెమెరాలు మనిషి శరీరపు వేడిని చూడవు. పైరు ఉష్ణోగ్రతను కొలవడానికి వాడే పరారుణ ఉష్ణమాపకాలు 8 నుండి 14 మైక్రోమీటర్ల పరిధిలో పనిచేస్తాయి. ఇంటి కెమెరా వాడేది 0.85 మైక్రోమీటర్ల దగ్గరి కాంతి. రెండింటినీ పరారుణమే అన్నప్పటికీ మొదటిది వస్తువు నుండి స్వయంగా వెలువడే వేడి, రెండవది దీపం వేస్తే తప్ప లేని వెలుగు. దీపం లేని చోట, ఎంత ధర పెట్టిన మామూలు కెమెరా అయినా గుడ్డిదే.

ఆకు తెలుపు, నీరు నలుపు

పంటల దూరగ్రహణం చదివిన విద్యార్థికి ఈ భాగం సులువుగా అర్థమవుతుంది. పచ్చని ఆకు ఎర్రని కాంతిని పీల్చుకొని, సమీప పరారుణ కాంతిలో సుమారు సగాన్ని వెనక్కి పంపుతుంది. పైరు ఆరోగ్యాన్ని తెలిపే వృక్ష సూచిక ఈ తేడా మీదనే నిర్మితమైంది. నీరు ఇందుకు పూర్తిగా భిన్నం. ఈ కాంతిని అది తనలోకి పీల్చుకుంటుంది. కదలని నీటి ఉపరితలం మీద కాస్త ఏటవాలుగా పడిన కాంతి కూడా అద్దం మీద పడినట్లు ముందుకే జారిపోతుంది తప్ప కెమెరా వైపు తిరిగి రాదు. ఆ కారణంగా రాత్రి కెమెరాలో వరి చేను సున్నం చల్లినట్లు తెల్లగాను, చేపల చెరువు తారు పోసినట్లు నల్లగాను కనిపిస్తాయి.

దీని పర్యవసానాలు అమరికలో ప్రతి అడుగునా ఎదురవుతాయి. లెన్సుకు రెండు మీటర్ల దూరంలో అరటి ఆకో, కొబ్బరి మట్టో వేలాడుతూ ఉంటే దాని మీది వెలుగు చిత్రాన్నంతా ఆక్రమిస్తుంది. కెమెరా అది చూసి, వెలుగు ఎక్కువైందని భావించి తన గ్రహణశక్తిని తగ్గించుకుంటుంది. పదిహేను మీటర్ల దూరంలో గట్టు మీద నడిచే మనిషి చీకటిలో కలిసిపోతాడు. సున్నం వేసిన ప్రహరీ గోడ పక్కనే కెమెరా బిగించినా ఇదే ఫలితం. వందల రూపాయల పరికరం కొనే ముందు కొడవలితో ఆ మట్టను నరికి చూడడం మేలు.

మరొకవైపు ఇదే గుణం రైతుకు ఉపకరిస్తుంది. ఏరియేటరు తిరుగుతున్నంత సేపు చిమ్మే తుంపర, నురుగు కాంతిని అన్ని దిక్కులకు చెదరగొడతాయి. నల్లని నీటి మీద అది తెల్లని కుచ్చులాగా కనిపిస్తుంది. ఏరియేటరు ఆగిన కొద్దిసేపటికి ఆ తెలుపు మాయమవుతుంది. కెమెరాను గట్టుకు మాత్రమే కాక కనీసం ఒక ఏరియేటరు కూడా చిత్రంలో పడేటట్లు తిప్పి ఉంచితే, పాకలో కూర్చున్న కాపలాదారు ఫోన్ తెర చూసి చెరువు స్థితి తెలుసుకోగలడు.

లెన్సు పక్కన వెలుగు – ఈ ప్రాంతపు అసలు సమస్య

తయారీదారులు చూపే రాత్రి చిత్రాలు తేమ లేని, పురుగు లేని, కొత్తగా తుడిచిన లెన్సుతో తీసినవి. వాటిలో సాలెగూడు ఉండదు. కొల్లేరు పరిసరాల్లో గాలి తేమగా ఉంటుంది. వరి, నీరు, గట్ల మీది గడ్డి కలిసి ఏడాది పొడవునా పురుగులను పెంచుతాయి. తొలకరి వానకు ఈసుళ్లు, వరి పొట్ట దశ దాటాక దోమలు, ధనుర్మాసపు తెల్లవారుజామున పొగమంచు. లెన్సు చుట్టూనే దీపాలు ఉన్నప్పుడు ఇవన్నీ దీపానికి అతి దగ్గరగా ఉంటాయి. దీపానికి చేరువలో ఉన్నదానిపై వెలుగు ఎన్నో రెట్లు తీక్షణంగా పడుతుంది కనుక సాలెపురుగు పోగు మోకులాగా, చిన్న రెక్కల పురుగు పక్షిలాగా కనిపిస్తుంది. కదలికను గుర్తించి హెచ్చరిక పంపే ఏర్పాటు ఉంటే రాత్రంతా ఫోన్ మోగుతూనే ఉంటుంది. వారం తిరగకుండా యజమాని ఆ హెచ్చరికను ఆపివేస్తాడు. దొంగకు కావలసినది అదే.

పొగమంచు విషయంలోనూ ఒక అపనమ్మకం ప్రచారంలో ఉంది. పరారుణ కాంతి మంచును చీల్చుకుపోతుందని అమ్మకందారులు చెప్పడం కద్దు. మంచు బిందువుల పరిమాణం ఈ కాంతి తరంగదైర్ఘ్యం కన్నా చాలా పెద్దది. అవి కనిపించే కాంతిని ఎంత చెదరగొడతాయో 850 నానోమీటర్ల కాంతినీ దాదాపు అంతే చెదరగొడతాయి. పొగమంచులో కారు పెద్ద లైట్లు వేస్తే డ్రైవరు ముందు తెల్లని గోడ ఏర్పడినట్లే ఇక్కడా జరుగుతుంది.

పరిష్కారం సరళమైనది. కెమెరాలోని ఎల్ఈడీలను దాని సెట్టింగులలో ఆపివేసి, విడిగా ఒక పరారుణ దీపాన్ని కెమెరాకు ఒకటి రెండు మీటర్ల పక్కన, వీలైతే వేరే స్తంభానికి బిగించాలి. అప్పుడు లెన్సు ముందున్న పురుగు, పోగు, మంచు బిందువు చీకటిలోనే ఉండిపోతాయి. వెలుగు దూరపు మనిషి మీద పడుతుంది. గోళాకారపు గాజు కప్పు గల కెమెరాలలో కప్పు లోపలి ప్రతిబింబం వల్ల వచ్చే తెల్లని పొర కూడా దీనితో తొలగిపోతుంది.

పురుగులు పరారుణ కాంతికి ఆకర్షితమవుతాయా అనే ప్రశ్న విద్యార్థులు తరచుగా అడుగుతారు. వరిలో దీపపు ఎరలకు అతినీలలోహిత, నీలి కాంతులు ఎక్కువగా ఉండే దీపాలు వాడడానికి కారణం పురుగుల దృష్టి ఆ వైపునే చురుకుగా ఉండడం. 850 నానోమీటర్ల కాంతి సాధారణంగా వాటి చూపుకు అందదు. పురుగులను పిలిచేది కెమెరా పక్కనే వెలిగే తెల్లని బల్బు. పురుగుల కోసం సాలెపురుగు, బల్లి వస్తాయి. ఆ బల్బును కనీసం కొన్ని మీటర్లు దూరం జరపాలి. రాత్రి కూడా రంగుల్లో చూపేందుకు తెల్లని దీపాలతో వచ్చే కెమెరాలు పట్టణపు వీధికి అనుకూలం కావచ్చును కాని, వరి చేల మధ్య అవి ఒక శాశ్వత దీపపు ఎర. పైగా కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటితమై, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరిన చిత్తడి నేల. పక్షులు రాత్రి విశ్రమించే చోటుకు దగ్గరగా తెల్లని వెలుగును కుమ్మరించడం సమర్థనీయం కాదు.

దూరం, కోణం, తరంగదైర్ఘ్యం

దీపం నుండి దూరం రెట్టింపైతే వస్తువుపై పడే వెలుగు నాలుగవ వంతుకు తగ్గుతుంది. పది మీటర్ల వరకు చాలిన దీపం ఇరవై మీటర్లకు చాలాలంటే నాలుగు రెట్ల శక్తి కావాలి. అయితే దీపపు కోణాన్ని 60 డిగ్రీల నుండి 30 డిగ్రీలకు కుదిస్తే అదే శక్తి దాదాపు నాలుగు రెట్ల తీక్షణతతో ముందుకు పోతుంది. పొడవైన, సన్నని చెరువు గట్టుకు 30 డిగ్రీల దీపం, ఇంటి ముంగిలికి 90 డిగ్రీల దీపం తగినవి. దీపపు కోణం లెన్సు చూసే కోణానికి సరిపోవాలి. వెలుగు ఇరుకై చూపు వెడల్పైతే మధ్యలో తెలుపు, అంచుల్లో చీకటి మిగులుతాయి. దీపాన్ని దగ్గరి నేల వైపు వంచకుండా కాంతి మధ్యభాగం దూరపు అంచున పడేటట్లు నిలపాలి.

పెట్టె మీద రాసిన '30 మీటర్లు' అనే అంకె మనిషి ఆకారం ఉందని తెలిసే దూరం మాత్రమే. అపరిచితుడి ముఖాన్ని గుర్తించడానికి చిత్రంలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 యొక్క 2014 నాటి కూర్పు సూచించింది. రెండు మెగాపిక్సెళ్ల కెమెరా చిత్రం వెడల్పు 1920 పిక్సెళ్లు. అంటే ఆ కెమెరా సుమారు 7.7 మీటర్ల వెడల్పు స్థలాన్ని చూపేటప్పుడు మాత్రమే ముఖం తెలుస్తుంది. 100 డిగ్రీల వెడల్పు లెన్సుతో ఇది మూడు మీటర్ల పైచిలుకు దూరం, 50 డిగ్రీల లెన్సుతో సుమారు ఎనిమిది మీటర్లు. కాబట్టి గట్టు మొత్తానికి ఒక కెమెరా పెట్టినా, దారి ఇరుకయ్యే చోట, అంటే గేటు దగ్గరనో తూము దగ్గరనో, ముఖం కోసం మరొకటి ఉండాలి.

దీపాలు ప్రధానంగా 850, 940 నానోమీటర్లలో దొరుకుతాయి. మొదటిదాన్ని సూటిగా చూస్తే మందమైన ఎర్రని నిప్పుకణిక వంటిది కనిపిస్తుంది. రెండవది అసలు కనిపించదు. కాని సిలికాన్ సెన్సారు 940 దగ్గర చాలా తక్కువగా స్పందిస్తుంది, అందువల్ల వెలుగు చేరే దూరం గణనీయంగా పడిపోతుంది. చెరువు గట్లకు 850 రకమే ఉత్తమం. దీపం ఎక్కడుందో దొంగకు తెలిసినంత మాత్రాన నష్టం లేదు. కంటికి కనిపించదు కనుక కనుపాప ముడుచుకోదు. శక్తిమంతమైన దీపంలోకి దగ్గరి నుండి తేరిపార చూడరాదని బిగించేవారికి, పిల్లలకు చెప్పాలి.

విద్యుత్తు

సాయంత్రం కాగానే కెమెరా ఆగి మళ్లీ మొదలవుతున్నదంటే చాలా వరకు అడాప్టరు సామర్థ్యం చాలడం లేదని అర్థం. పరారుణ దీపాలు వెలిగినప్పుడే విద్యుత్ వినియోగం పెరుగుతుంది. తీగ పొడవు మరొక కారణం. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ మీద 30 మీటర్ల దూరానికి ఒక ఆంపియరు పంపితే, రాకపోకలు కలిపి సుమారు ఒక ఓల్టు నష్టమవుతుంది. తీగ అడ్డుకోత వైశాల్యం సగమైతే రెండు ఓల్టులు. 12 ఓల్టుల దీపానికి ఇది చిన్న నష్టం కాదు. సౌర పలక మీద నడిపే చోట 12 వాట్ల దీపం పన్నెండు గంటల రాత్రికి 144 వాట్ అవర్లు తీసుకుంటుంది. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయరాదు కనుక ఒక్క రాత్రికే 12 ఓల్టుల, 24 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అవసరం. వాయుగుండం పట్టి మూడు రోజులు ముసురు వేసే ప్రాంతంలో ఈ లెక్కను మూడుతో హెచ్చవేసుకోవాలి.

దీపం తానుగా వెలిగే వేళ, కెమెరా రాత్రి స్థితికి మారే వేళ ఒకటి కాకపోతే సంజె వేళ చిత్రం రంగులకు, నలుపు తెలుపులకు మధ్య ఊగిసలాడుతుంది. కెమెరా సెట్టింగులలో నిర్ణీత సమయం ఇవ్వడంతో ఇది సర్దుకుంటుంది.

చిత్రాన్ని నమ్మవలసినంత వరకే

పరారుణ వెలుగులో బట్టల రంగు సాక్ష్యం కాదు. పగలు నల్లగా ఉండే అద్దకపు నూలు చొక్కా రాత్రి చిత్రంలో తెల్లగా రావచ్చు. 'తెల్ల చొక్కా వేసుకున్నవాడు' అని ఒక కూలీని నిలదీసే ముందు ఈ సంగతి గుర్తుండాలి. పరుగెత్తే మనిషి ముఖం మసకబారితే అది అతని ముఖం కాదు, వెలుగు చాలక కెమెరా తన షట్టరును ఎక్కువసేపు తెరచి ఉంచిన ఫలితం. వాహనపు నంబరు పలక కాంతిని నేరుగా వెనక్కి పంపి, అంకెలు లేని తెల్లని దీర్ఘచతురస్రంగా మిగలవచ్చు. సందేహాస్పదమైన చిత్రం ఆధారంగా ఊళ్లో ఒకరి పేరు పైకి వచ్చిందంటే, తరువాత అది తప్పని తేలినా ఆ మాట అంత తొందరగా పోదు.

అమరిక పూర్తయ్యాక పరీక్ష అమావాస్య దగ్గరి రాత్రి జరగాలి. వెన్నెలలో బాగున్న చిత్రం మీద భరోసా పెట్టుకోరాదు. ఇంట్లో ఒకరు గేటు నుండి గట్టు చివరి వరకు, మొదట నడిచి, తరువాత వేగంగా, ముఖం కెమెరా వైపు ఒకసారి, పక్కకు ఒకసారి తిప్పి వెళ్లాలి. రికార్డయిన చిత్రాన్ని ఆగి ఆగి చూసి, ముఖం తెలియకుండా పోయిన చోట ఒక కర్ర పాతాలి. ఆ కర్ర వరకే ఆ కెమెరా సాక్ష్యం చెల్లుతుంది. ఆపైన దీపాన్ని తిప్పడమో, రెండవ దీపం చేర్చడమో చేయాలి. లెన్సును పదిహేను రోజులకొకసారి మెత్తని తడిగుడ్డతో తుడవాలి, వరి కోతల కాలంలో దుమ్ము ఎక్కువ కనుక వారానికొకసారి.